నూట పన్నెండు సంతకాల చెరువు

రాష్ట్రంలో పర్యావరణ నివేదికలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటున్నాయన్న సంగతి సలహాదారుల మండలి వారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఒకే వాగు గురించి ముగ్గురు కన్సల్టెంట్లు మూడు నివేదికలిచ్చారు. మొదటాయన వాగు ఉత్తరానికి పారుతోందన్నాడు. రెండో ఆయన దక్షిణానికన్నాడు. మూడో ఆయన అక్కడ వాగే లేదనీ, ఉన్నది సిమెంటు ఫ్యాక్టరీ అనీ, దాని దుమ్ము పరిమితికి లోబడే ఉందనీ రాశాడు.

ఇంకెవరైనా అయితే ఒక మనిషిని పంపి వాగు చూసి రమ్మనేవారు. మండలి వారు అలాంటి తొందరపాటు పనులు చెయ్యరు. ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఎనిమిది నెలలపాటు మూడు హోటళ్లలో కూర్చుని ఆలోచించి జబ్బు మూలం కనిపెట్టింది. ఆ ముగ్గురు కన్సల్టెంట్లకీ ఒకరితో ఒకరికి పరిచయం లేదట. పరిచయమే ఉండి ఉంటే వాగు ముగ్గురికీ ఒకే వైపు పారి ఉండేదట.

దీపావళి వెళ్లిన వారానికి ఉత్తర్వు వచ్చింది. "పర్యావరణ సలహా వృత్తియందు పరస్పర పరిచయలోపము వలన సంభవించుచున్న వైరుధ్యములను నివారించు నిమిత్తము, ఇకమీదట ఐదువందల వృత్తిపర పరిచయములు కలిగియున్న వారికి మాత్రమే నమోదు సంఖ్య మంజూరు చేయబడును" అని మొదలై పదిహేను పేజీలు నడిచింది. ప్రతి పరిచయానికీ 'ప-7' అనే ఫారం నింపాలి. తేదీ, స్థలం, చర్చించిన విషయం, ఇద్దరి సంతకాలు. మాటలు అయిదు నిమిషాలకు తగ్గకూడదు. ఎదుటి మనిషికి విజిటింగ్ కార్డు ఉండాలి. కార్డు లేనివాళ్లను కలిస్తే కలిసినట్టు కాదు. మార్చి ముప్పై ఒకటి దాటాక సంఖ్య లేనివాళ్లు నివేదికల మీద సంతకం పెట్టడం అటుంచి, నివేదిక తయారయ్యే గదిలో ఉండటానికి కూడా వీల్లేదు.

ఆ చివరి వాక్యం దగ్గర ఇందుమతి ఆగిపోయింది.

ఇందుమతి విశాఖపట్నంలో హరితాక్ష కన్సల్టెంట్స్ అనే సంస్థలో ఏడేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం, ఫస్టు క్లాసు. ఆమె విభాగం నీళ్లు. ఇంతవరకూ అరవై రెండు నివేదికల్లో నీళ్ల అధ్యాయం రాసింది. రాసినవాటిని యజమాని తారకేశ్వర్రావుగారు "కొంచెం సర్ది" తన సంతకం పెట్టుకునేవారు. సర్దడమంటే మరేం లేదు, ఎక్కడ ఎంత విషం కొలిచి రాసినా అచ్చులోకి వచ్చేసరికి అది "పరిమితికి లోబడి" ఉండేది. సొంత సంఖ్య వస్తే తన అంకెలు తనవిగా ఉంటాయని, కాగితం అడుగున తన పేరుంటుందని ఇందుమతి ఆశ. సంఖ్య రాకపోతే ఏప్రిల్ ఒకటి నుంచి ఇంట్లో కూర్చుని కందిపప్పులో రాళ్లేరడమే. అదీ పర్యావరణానికి సేవే గాని, దానికి సంఖ్య ఇవ్వరు.

తన పరిచయాలు లెక్కపెట్టుకుంది. నలభై ఒకటి తేలాయి.

"ఏడేళ్లూ ఏం చేశావమ్మా?" అన్నారు తారకేశ్వర్రావుగారు, ఆ అంకె విని కుర్చీలో వెనక్కి వాలుతూ.

"నీళ్లు పరీక్ష చేశానండి."

"అదే నీతో వచ్చిన చిక్కు. ఎప్పుడు చూసినా మోకాలిలోతు నీళ్లలో సీసా పట్టుకుని నిలబడతావు. అక్కడ నీకు ఎవరు తగుల్తారు? కప్పలు. కప్పకి కార్డుంటుందా?"

"ఉండదండి."

"మరి? ఈ వృత్తిలో పైకి రావాలంటే నీళ్లలోంచి పైకి రావాలమ్మా ముందు."

తారకేశ్వర్రావుగారి పరిచయాలు పదకొండు వందల ఎనభై. కరెంటు పోయి లిఫ్టులో ఇరుక్కున్న ఇరవై నిమిషాల్లో ఆయన నాలుగు ఫారాలు పూర్తి చేశారని, లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాడికి కార్డుందా అని కూడా వాకబు చేశారని ఆఫీసులో గౌరవంగా చెప్పుకునేవారు.

నెల తిరక్కుండా వృత్తి స్వరూపం మారిపోయింది. క్షేత్ర పర్యటనకు వెళితే ఒక రోజు ఖర్చు. ఒక రోజంటే పన్నెండు పరిచయాలు. ఏ బుద్ధున్న కన్సల్టెంటు పన్నెండు పరిచయాలు వదులుకుని పైడిభీమవరం పోయి బురద తొక్కుతాడు? గాలి కొలిచే యంత్రాలమీద దుమ్ము చేరింది. ఆ దుమ్ము కొలవడానికీ మనుషులు లేరు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక మానేసి, ఎదురొచ్చిన ప్రతివాణ్నీ నిలబెట్టి "మీరు మా లైనేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పాపం ఒక పళ్ల డాక్టరు ముగ్గురికి ఫారాల మీద సంతకం పెట్టి, ఆ తర్వాత నడక మార్గం మార్చుకున్నాడు.

'భూగర్భ జలాలు: మన బాధ్యత' అనే సదస్సుకి ఇందుమతి కూడా వెళ్లింది. ఉపన్యాసాలు ఉంటాయనుకుని నోట్సు పుస్తకం పట్టుకెళ్లింది. హాల్లో వేదిక తీసేసి ఎదురెదురుగా రెండు వరసల కుర్చీలు వేశారు. అయిదు నిమిషాలకోసారి గంట కొడతారు. గంట కొట్టగానే ఒక వరసవాళ్లు ఒక్కో కుర్చీ పక్కకి జరగాలి.

మొదటి గంటకి ఆమె ఎదురుగా సన్నగా, పొడుగ్గా ఒకాయన వచ్చి కూర్చున్నాడు.

"మీది నీళ్లా, గాలా?" అన్నాడు వినపడీ వినపడనట్టు.

"నీళ్లండి. మరి మీరు?"

"నేను చప్పుడు."

శబ్దకాలుష్య నిపుణుడన్నమాట. పేరు ఫల్గుణరావు. పాతికేళ్లుగా చప్పుళ్లు కొలిచి కొలిచి ఆయన గొంతు చీమ నడకలా తయారైంది.

"ఇంకా నాలుగు నిమిషాలుంది. ఏం మాట్లాడుకుందామండి?" అంది ఇందుమతి.

"ఏమీ వద్దమ్మా. నాకు ఈ నెలలో ఇదే మొదటి విశ్రాంతి," అని ఆయన కళ్లు మూసుకున్నాడు. ఫారంలో 'చర్చించిన విషయం' దగ్గర 'నిశ్శబ్దం' అని రాసి సంతకం పెట్టాడు. ఆ రోజు మొత్తంమీద ఆ హాల్లో అబద్ధం లేని ఫారం అదొక్కటే.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్న కోడల్ని చూసి సూరమ్మగారు మంచినీళ్లందిస్తూ అడిగారు: "ఏమ్మా, ఇవాళెందర్ని చూశావు?"

"ముప్పై ఆరుగురిని, అత్తయ్యా."

"ఒక్కరూ నచ్చలేదా?"

"నచ్చడం కాదు అత్తయ్యా. వాళ్లు నా కాగితం మీద సంతకం పెడతారు, నేను వాళ్ల కాగితం మీద పెడతాను."

సూరమ్మగారు ఖాళీ గ్లాసు అందుకున్నారు. "వాయనం లాంటిదన్నమాట. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. దాన్లో మాకు శనగలైనా మిగిలేవి."

ఫిబ్రవరి నాటికి ఇందుమతి లెక్క మూడు వందల ఎనభై ఎనిమిదికి చేరింది. ఇంకా నూట పన్నెండు కావాలి. సరిగ్గా అప్పుడే మండలికి ఒక గొప్ప ఆలోచన తట్టింది.

ఊళ్లో హోటళ్లు చాలడం లేదు. చెరువుల రక్షణ గురించి కలుసుకునేవాళ్లకీ, అడవుల రక్షణ గురించి కలుసుకునేవాళ్లకీ హాళ్ల దగ్గర తగాదాలొస్తున్నాయి. అందుకని రెండు వేల కుర్చీలతో శాశ్వతంగా ఒక 'హరిత పరిచయ భవనం' కట్టాలని తీర్మానించారు. సభ్య కార్యదర్శి పరబ్రహ్మంగారు స్వయంగా కారులో వెళ్లి స్థలం ఎంపిక చేశారు. ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, చుట్టూ ఎక్కడా ఒక ఇల్లుగాని చెట్టుగాని అడ్డులేని పద్దెనిమిది ఎకరాల సువిశాలమైన చదునైన స్థలం. అంత చదునుగా ఉండటానికి కారణం అది చెరువు కావడం. పేరు తుంగబంద. ఆ ప్రాంతంలో చిన్న చెరువుని బంద అంటారు.

మండలి తన సొంత భవనానికి పర్యావరణ నివేదిక లేకుండా ఎలా కడుతుంది? ఆ పని హరితాక్షకి వచ్చింది. తారకేశ్వర్రావుగారు ఇందుమతిని పిలిచారు.

"నీ పంట పండిందమ్మా. ఇది ఆదర్శ నివేదికట. అందుకని మొదటి పేజీ తెలుగులో ఉండాలి, కనీసం వందమంది నిపుణుల్ని సంప్రదించి వాళ్ల సంతకాలు ఆ పేజీ కిందే తీసుకోవాలి. ఒక్కో సంతకానికీ ఒక్కో ప-7. ఇదివరకు కలిసినవాళ్లయినా సరే, విషయం కొత్తదైతే పరిచయమూ కొత్తదే. నీకెన్ని తక్కువ?"

"నూట పన్నెండండి."

"నూట పన్నెండు మందినే పట్టు. చివర్న 'తయారుచేసినవారు' అని నీ పేరే వేసుకో. తల్లి రిపోర్టు ఉంది కదా, వారంలో అయిపోతుంది."

తల్లి రిపోర్టు అంటే పద్నాలుగేళ్ల కిందట ఒక గ్రానైట్ క్వారీ కోసం రాసినది. ఆ తర్వాత హరితాక్షలో పుట్టిన నివేదికలన్నీ దాని కడుపున పుట్టినవే. ఊరి పేరూ తేదీ మార్చి ప్రింటు తీస్తే సరి. అందులోని పదకొండు రకాల పక్షులూ రెండు జాతుల ఉడుములూ క్వారీ నుంచి ఓడరేవుకీ, ఓడరేవు నుంచి మందుల కంపెనీకీ తిరిగి తిరిగి తారకేశ్వర్రావుగారికన్నా ఎక్కువ రాష్ట్రం చూశాయి. 'ప్రతిపాదిత స్థలమునందు చెప్పుకోదగిన జలవనరులేవియు లేవు' అన్న వాక్యం అందులో మూడోపేజీలో ఉంది.

ఇందుమతి అలవాటు మానుకోలేక తుంగబందకి వెళ్లింది.

ఫిబ్రవరి ఎండలో నీళ్లు తళతళలాడుతున్నాయి. ఒడ్డు పొడుగునా మనిషెత్తు తుంగ. నడుములోతు నీళ్లలో నిలబడి ఒకావిడ కొడవలితో తుంగ కోసి కట్టలు కడుతోంది. చాపలకి. ఇందుమతిని చూసి చెయ్యాపకుండానే పలకరించింది.

"ఏటమ్మా, నువ్వూ కారు మనిసివేనా?"

"కాదమ్మా, బస్సులో వచ్చాను. నీ పేరేంటి?"

"సన్నేసమ్మంటారు. మొన్న రెండు కార్లొచ్చాయి. అద్దం దింపనేదు. అలగే సూసుకుని ఎలిపోనారు. ఇక్కడేదో మేడ కడతారటగదా?"

"ఎవరితోనైనా మాట్లాడారా వాళ్లు?"

"ఎవులితో మాటాడతారు? ఆళ్లలో ఆళ్లే మాటాడుకున్నారు."

ఆ మాట మండలి వార్షిక నివేదికకి ముందుమాటగా పనికొస్తుందనిపించింది ఇందుమతికి. చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగింది. సన్యాసమ్మ తన చిన్న పడవా గెడకర్రా ఇచ్చింది. నడిమధ్యకి పడవమీద వెళ్లి గెడ దింపితే పదకొండడుగులు.

"వేసవిలో ఎండుతుందా?"

"ఇదెండితే మేం బతకొద్దా? సుట్టూ నాలుగూళ్ల నూతుల్లో ఊట ఈ బంద చలవే. మా అత్త ఇక్కడే కోసింది, నాను కోత్తన్నాను. మేడ కడితే మావెక్కడికి పోవాల? నువ్వు రాసుకుంటన్నావు గదా, అది ఎవులు సదువుతారు?"

ఇందుమతి పెన్సిలు ఆగింది. అరవై రెండు నివేదికలు గుర్తుచేసుకుంది. "తెలీదమ్మా," అంది.

మూడు రోజులు తిరిగి నీటి నమూనాలు తీసింది, పక్షుల్ని లెక్కపెట్టింది, నాలుగూళ్ల నూతుల్లో తాడు దింపింది. తర్వాత ఇంట్లో బల్లముందు కూర్చుంది. ఒకపక్క తల్లి రిపోర్టు, ఒకపక్క తన లెక్కలు.

తల్లి రిపోర్టు రాస్తే నూట పన్నెండు సంతకాలు, సంఖ్య, ఉద్యోగం. నిజం రాస్తే ఒక్క సంతకం పడదు. అంటే సంఖ్యా లేదు, ఉద్యోగమూ లేదు. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. అయినా రెండు రోజులు ఆలోచించింది. చివరికి ఆమెని ఆపింది చెరువు మీద ప్రేమ కూడా కాదు. అడుగున 'తయారుచేసినవారు: ఇందుమతి' అని టైపు చేసుకుని చూసుకుంది. ఏడేళ్లకి మొదటిసారి తన పేరున్న కాగితం. దాని మీద ఎప్పుడో చచ్చిపోయిన క్వారీ ఉడుముల్ని ఎక్కించడానికి చెయ్యి రాలేదు.

మొదటి పేజీలో తెలుగులో, పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: "ఈ స్థలం చెరువు. పదకొండడుగుల లోతున నిండా నీళ్లున్నాయి. నాలుగు గ్రామాల బావులు దీని మీద ఆధారపడి ఉన్నాయి. ఇందులో ఏ కట్టడమూ కట్టరాదు. కింద సంతకం చేసిన మేము దీన్ని చదివి, అంగీకరించి సంతకం చేస్తున్నాం."

ముందుగా తారకేశ్వర్రావుగారి దగ్గరికే తీసుకెళ్లింది, ఉద్యోగం పోయేదేదో మొదటే పోతుందని.

"ఒకసారి చదవండి సార్."

"నేను కన్న బిడ్డని నేను చదవడమేమిటమ్మా?" అని ఆయన మొదటి సంతకం పెట్టారు.

రెండో ఆయన, గాలి ప్రొఫెసరు. "సార్, పైన రాసింది చూడండి, ఇందులో కట్టరాదని రాశాను," అంది స్పష్టంగా. "చాలా బాగా వచ్చిందమ్మా. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి," అని ఆయన సంతకం పెట్టి, తన ప-7 తీశాడు. మూడో ఆవిడకి గట్టిగా చదివి వినిపించింది. ఆవిడ మధ్యలోనే "మీ ఉచ్చారణ ముచ్చటగా ఉందండీ" అని మెచ్చుకుంది. ఒక అటవీ నిపుణుడు మాత్రం పేజీ అంతా పరిశీలనగా చూశాడు. తన పేరు పక్కన డాక్టరు అని వెయ్యలేదని కోప్పడ్డాడు. చర్చించిన విషయం దగ్గర ఇందుమతి ప్రతి ఫారంలోనూ 'తుంగబందలో కట్టరాదు' అనే రాసింది. అవతలివాళ్లు దాని కిందా సంతకం పెట్టారు.

నూట పదకొండోవాడు ఫల్గుణరావు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు. రెండోసారి చదివాడు. అయిదు నిమిషాలూ అయిపోయాయి.

"చప్పుడు కొలిచారా?" అని గొణిగాడు.

"లేదండి."

ఆదివారం పొద్దున్న ఆయనే యంత్రం పట్టుకుని బస్సెక్కి తుంగబందకి వెళ్లొచ్చాడు. "నీటికోళ్ల గోల యాభై ఎనిమిది డెసిబెల్స్. పాతికేళ్లలో నేను కొలిచిన చప్పుళ్లలో భరించదగింది ఇదే," అని వెనక పేజీలో రాసి సంతకం పెట్టాడు. "ఇది నేను చదివే పెడుతున్నానమ్మా. ఎక్కడా చెప్పకు. నన్ను వింతగా చూస్తారు."

నూట పన్నెండోది సభ్య కార్యదర్శి పరబ్రహ్మంగారిది. ఆయన సంతకం పెట్టేముందు కలం గాల్లో నిలిపి, "ఇట్టి సమగ్ర, సర్వజనామోదిత నివేదిక మండలి చరిత్రయందే ప్రథమము," అన్నారు.

"ఒకసారి చదివితే బాగుంటుందండి."

"నూట పదకొండుగురు సంతకము చేసిన పిదప చదువుట అనగా వారిని అవమానించుట కాదా?" అని సంతకం చేశారు. ఆ సాయంత్రం మండలి నాలుగు నిమిషాల్లో నివేదికని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇందుమతి పరిచయాలు సరిగ్గా ఐదువందలయ్యాయి.

మార్చి ఇరవైన శంకుస్థాపన. తుంగబంద గట్టుమీద షామియానా వేశారు. మూడు వందల మంది కన్సల్టెంట్లు వచ్చి ఒకరి వీపు మీద ఒకరు ఫారాలు పెట్టుకుని రాసుకుంటున్నారు. వాళ్ల వెనకాల అంత చెరువు ఉంది. అటు తిరిగినవాడు లేడు.

పరబ్రహ్మంగారు తాపీ అందుకుని వంగబోతుండగా కాంట్రాక్టరు అప్పలకొండ అడ్డొచ్చాడు. తెల్ల లాల్చీ, చేతిలో నివేదిక. దాని చివర్లు నలిగి ఉన్నాయి, పక్కన పెన్సిలు గీతలున్నాయి.

"అయ్యా, ఒక్క మాటండి. ఇందులో కట్టకూడదని రాసుందండి."

"ఎందులో?"

"మీ రిపోర్టులోనేనండి. కింద మీ సంతకం కూడా ఉంది."

షామియానాలో కలాలు ఆగాయి. పరబ్రహ్మంగారు కాగితం కేసి కాకుండా అప్పలకొండ కేసి చూశారు.

"నివేదికను చదువు అధికారము మీకెవరిచ్చారు?"

"ఎవురివ్వాలండి? ఎన్ని లారీల మట్టి పోయాలో తెలియొద్దా? లోతెంతుందోనని తిరగేశాను. మొదటి పేజీలోనే పెద్దక్షరాలండి, కళ్లజోడు కూడా అక్కర్లేకపోయింది."

వృత్తి చరిత్రలో ఒక పర్యావరణ నివేదికని అవసరంకొద్దీ చదివిన మొదటి మనిషి ఒక మట్టి కాంట్రాక్టరు కావడం మండలికి తీరని అప్రతిష్ఠ. అక్కడికక్కడే గట్టుమీదే అత్యవసర సమావేశం పెట్టారు. ఇందుమతిని నిలబెట్టారు.

"ఇది విశ్వాసఘాతుకము. మీరు మమ్ము మోసగించినారు," అన్నారు పరబ్రహ్మంగారు.

"లేదండి. చదవమని ప్రతి ఒక్కరికీ చెప్పాను. ప-7 ఫారాల్లో చూడండి. చర్చించిన విషయం దగ్గర అదే రాసుంది. మీ ఫారంలోనూ."

తారకేశ్వర్రావుగారు నెత్తి పట్టుకున్నారు. "నా బిడ్డ అనుకున్నానే!" అని మాత్రం అనగలిగారు.

"నివేదికను రద్దు చేయుచున్నాము," అన్నారు పరబ్రహ్మంగారు. "సంప్రదింపులన్నియు చెల్లవు. ఈమెకు సంఖ్య లేదు."

సంఖ్య పోతుందనుకున్నదే. చెరువు కూడా పోతుందని ఇందుమతికి అప్పుడే అర్థమైంది. గట్టుకింద నీళ్లలో సన్యాసమ్మ కొడవలి ఆపి ఇటే చూస్తోంది.

అప్పుడు వెనక వరసలోంచి ఎవరో ఏదో అన్నారు. ఎవరికీ వినపడలేదు. పక్కవాళ్లు పక్కవాళ్లకి చెప్పగా చెప్పగా ముందుకొచ్చింది, మాట్లాడింది ఫల్గుణరావని. ఆయన్ని ముందుకి తీసుకొచ్చి మైకు చేతికిచ్చారు.

"ఉత్తర్వు తొమ్మిదో పేజీ," అన్నాడాయన. "ఒక పరిచయం రద్దయితే ఇద్దరికీ రద్దవుతుంది. ఐదువందలకి ఒక్కటి తగ్గినా సంఖ్య పోతుంది. సంఖ్య పోయినవాడితో ఇంతకుముందు చేసుకున్న పరిచయాలన్నీ కూడా రద్దవుతాయి."

"అయితే?"

"ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఐదువందలు నిండగానే ఆపేశారు కదా. నివేదిక రద్దయితే ఇవాళ ఒక ఎనభై మంది పోతారు. ఆ ఎనభై మందిని నమ్ముకున్నవాళ్లు రేపు పోతారు. నేను లెక్క వేశాను. గురువారానికి రాష్ట్రంలో పర్యావరణ సలహాదారు అనేవాడు ఉండడు."

"తారకేశ్వర్రావుగారికి పదకొండు వందల ఎనభై ఉన్నవి గదా!"

"వారు బుధవారం దాకా ఉంటారండి."

పరబ్రహ్మంగారు జేబులోంచి తన పరిచయాల లెక్క రాసుకున్న చీటీ తీసి చూసుకున్నారు. ఐదువందల రెండు. మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. మంచినీళ్లు తాగారు. తర్వాత మైకందుకున్నారు.

"ఈ తుంగబందను సంరక్షించవలెనన్నదే మండలి యొక్క ఆది నుండియు గల దృఢ సంకల్పము. ఇచ్చట శంకుస్థాపన ఏర్పాటు చేయుటయందలి అంతరార్థము, ఇచ్చట కట్టరాదని బహిరంగముగా చాటుటయే!"

చప్పట్లు మోగాయి. తాపీ అప్పలకొండకి తిరిగిచ్చారు. మరుసటి వారం 'నూట పన్నెండు మంది నిపుణుల చొరవతో బతికిన చెరువు' అని పత్రికల్లో వచ్చింది. ఫోటోలో నూట పన్నెండుగురూ ఉన్నారు. ఇందుమతి లేదు. ఫోటో తీసేటప్పుడు ఆమె గట్టుకింద సన్యాసమ్మతో మాట్లాడుతోంది.

"అయితే కట్టరా?" అని అడిగింది సన్యాసమ్మ.

"కట్టరు."

"ఎవులో సదివినారన్నమాట," అని ఆవిడ మళ్లీ వంగి కొయ్యడం మొదలుపెట్టింది.

ఇందుమతికి సంఖ్య వచ్చింది. అదే రోజు ఉద్యోగం పోయింది. "నీకు సొంత సంఖ్య వచ్చాక నా నీడన ఉండటం నీ ఎదుగుదలకి మంచిది కాదమ్మా," అన్నారు తారకేశ్వర్రావుగారు, ద్వారందాకా వచ్చి మరీ. బయట ఇంకెవరూ పని ఇవ్వలేదు. సదస్సులకి వెళితే గంట కొట్టగానే ఆమె ఎదుటి కుర్చీ దాటేసి అవతలి దాంట్లో కూర్చునేవారు. సంతకం పెట్టేముందు చదవాల్సి వస్తుందేమోనని భయం.

రెండు నెలలు ఇందుమతి నిజంగానే కందిపప్పు బాగుచేసింది. సంఖ్య ఉన్న ధ్రువపత్రాన్ని సూరమ్మగారు ఫ్రేము కట్టించి ఫ్రిజ్ మీద పెట్టారు. "పోన్లే, పప్పు కూడా నమోదైంది," అన్నారు.

జూన్‌లో అప్పలకొండ వచ్చాడు, చెప్పులు గుమ్మం బయట విప్పి.

"మేడమ్, పరవాడ దగ్గర నాకో పనుందండి. వాళ్లిచ్చిన రిపోర్టులో గట్టినేలని ఉంది. నమ్మి లారీ దింపితే ఇరుసుదాకా కూరుకుపోయిందండి. ఉడుములున్నాయని కూడా రాశారు, ఉడుమూ కనపడలేదు. మీరొచ్చి చూసి రాస్తారా? మీరు రాసింది నమ్మి లారీ దింపొచ్చండి."

ఏడేళ్లలో ఆమె పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ లారీ తర్వాత ఇంకో లారీ, ఆ కాంట్రాక్టరు చెప్పగా ఇంకో కాంట్రాక్టరు. వాళ్లెవరికీ కార్డుల్లేవు. వానాకాలం వెళ్లేసరికి జిల్లాలో మట్టి పోసేవాళ్లు, బోర్లు వేసేవాళ్లు, పునాది తవ్వేవాళ్లు అందరూ ఒకటే మాట అనుకున్నారు: ఇందుమతిగారి కాగితం లేకుండా మేం దిగం.

మండలి కూడా పాఠం నేర్చుకుంది. కొత్త ఉత్తర్వు తెచ్చింది. ఇకపై ప్రతి నివేదికనూ కనీసం ఒకరు చదవవలెను. ఆ ఒకరెవరన్నది చీటీ తీసి నిర్ణయించవలెను. చీటీ వచ్చినవాళ్లు అనారోగ్యంతో సెలవు పెట్టుకోవడం ఎక్కువైందని వినికిడి.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం పరబ్రహ్మంగారు స్వయంగా ఇందుమతి ఇంటికొచ్చారు. సూరమ్మగారిచ్చిన కాఫీ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

"పరిచయ భవనమునకు వేరొక స్థలము చూచితిమి. కొండవాలు. అయితే ఆ అప్పలకొండ..." అని ఆగి, మామూలు తెలుగులోకి దిగారు. "మీ రిపోర్టు లేందే పార వెయ్యనంటున్నాడమ్మా. ఇంకెవర్ని అడిగినా అదే మాట. మీరేం రాస్తారో కాస్త ముందుగా చెబితే..."

"చూశాక చెప్తానండి."

"చూడకుండా వీలు కాదా?"

"కాదండి. మీరూ వస్తే మంచిది. ఇద్దరు మనుషులు కావాలి."

మర్నాడు పరబ్రహ్మంగారు కారు దిగి కొండవాలు మీద నిలబడ్డారు. బూట్లకి ఎర్రమట్టి అంటింది. అలవాటుగా జేబులోంచి కలం తీసి నాలుగు వైపులా చూశారు. ఇందుమతి తప్ప మనిషి లేడు. తలకి కొంగు చుట్టుకుని ఆమె అప్పటికే కిందికి దిగుతోంది.

"ఇక్కడ ఎవరూ లేరే! ఎవర్ని సంప్రదించాలి?" అన్నారాయన అయోమయంగా.

ఇందుమతి వెనక్కి తిరిగి, కొలత టేపు కొస ఆయన చేతిలో పెట్టింది.

"గట్టిగా పట్టుకుని ఇక్కడే నిలబడండి సార్. నేను కిందికెళ్లి చూసొస్తాను."

ఆయన కలం జేబులో పెట్టుకుని, టేపు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.